నక్కలు తిరిగిన కొండ

కోటను పట్టుకోవడానికి కొత్త దొరకు ఒక్క వానాకాలం చాలింది. ఆ కోటలో ఒకప్పుడు తన తాత ఉండేవాడని నిరూపించుకోవడానికి మాత్రం ఏళ్ల తరబడి నానా తంటాలు పడుతున్నాడు. దొరలకు ఇదొక జబ్బు. కత్తితో లాక్కున్నాను అని చెప్పుకుంటే వాళ్లకు అన్నం సయించదు. ఇది మా తాతది, మధ్యలో ఎవడో కాజేశాడు, నాది నేను తెచ్చుకున్నాను అని చెబితే ఊరంతా బుద్ధిగా తలకాయ ఊపాలి. దొరగారి తండ్రి గుర్రాల బేరగాడని, తాత ఎవరో ఆ తండ్రికే సరిగ్గా తెలియదని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా తాత కావాలి. తాత కావాలంటే సాక్షి కావాలి. అలాంటి సాక్షి ఆ ఊళ్లో ఒక్కతే మిగిలింది. తాళ్లు పేనేవాళ్ల వీధిలో చక్రం తిప్పే ముసలమ్మ ఆమె.

ఆమె అసలు పేరు ఆమెకే గుర్తు లేదు. ఆరేళ్లప్పటి నుంచి ఊరు ఆమెను సాక్షమ్మ అనే పిలుస్తోంది. ఎడమచెయ్యి ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. మూడు వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి. మిగిలిన బొటనవేలు, చూపుడువేలు పటకారులా పట్టుకోవడానికి మాత్రం పనికొస్తాయి. ఆ పిడికిలి లోపల ఒక వాత ఉంది. ఆ వాత వల్లే ఆమె సాక్షమ్మ అయింది.

ఆ రోజుల్లో రాతను ఎవరూ నమ్మేవాళ్లు కాదు. కోటలో లేఖరిని పెట్టుకున్నవాడు ఏదైనా రాయించుకోగలడు, రాసింది గీకించేయగలడు. అందుకని ఏదైనా సంగతి తరాల పాటు నిలవాలనుకుంటే దొరలు ఆరేడేళ్ల పిల్లనో పిల్లాణ్ణో ఏటి రేవు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. జనమంతా చూస్తుండగా కమ్మరి ఇత్తడి ముద్రను నిప్పుల్లో ఎర్రగా కాల్చి పిల్ల ఎడమ అరచేతిలో పెట్టి పిడికిలి మూసేవాడు. సొంత మనిషి ఒకరు మణికట్టు పట్టుకుని, ముద్ర చల్లారేదాకా ఆ సంగతిని పిల్ల చెవిలో చెబుతూనే ఉండాలి. నొప్పితో పాటు లోపలికి దిగిన మాట చచ్చేదాకా బయటికి పోదని వాళ్ల లెక్క. పెద్దవాళ్లు తొందరగా చస్తారు కాబట్టి పిల్లలే కావాలి. కనికరం లేదు గానీ, ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు.

సాక్షమ్మ చెయ్యి కాల్చింది పాత దొర తాత హయాంలో. కోట మనుషులు వచ్చి తాళ్లవాళ్ల ఇంట్లో పిల్లలెవరని అడిగినప్పుడు, ఆమె తండ్రి కొడుకును వెనక్కి లాక్కుని కూతుర్ని ముందుకు తోశాడు.

"పిల్లాడి చెయ్యి పోతే తాడెవడు పేనతాడయ్యా? ఆడపిల్లని తీసుకెళ్లండి," అన్నాడు.

మణికట్టు పట్టుకున్నదీ ఆయనే, చెవిలో చెప్పిందీ ఆయనే. ఈ కొండ మీద మొదటి రాయి వేసింది మన దొర. అంతకుముందు ఇక్కడ మనిషన్నవాడు లేడు. నక్కలు తిరిగేవి. అంతే మాట. ఆ మాట చుట్టూనే ఆమె బతుకంతా గడిచింది.

చెయ్యి మానుతున్న రోజుల్లో ఒకసారి అడిగింది. "నాన్నా, నక్కలు నిజంగా ఉండేవా?"

తండ్రి చేతిలోని నార వంక చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తరవాత, "ఉండేవమ్మా. వాటి ఊళ నేనూ విన్నాను," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమెకు నక్కలు కనబడేవి. కళ్లు మూసుకుంటే బోడికొండ, బండల మధ్య సన్నగా, బూడిదరంగులో తిరుగుతున్న నక్కలు. ఒకదానికి చెవి తెగి ఉండేది. ఆ చెవి సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమే చూసింది.

ఏదైనా తగువు వచ్చినా, పక్క దేశం దొర పేచీ పెట్టినా ఆమెను రేవు దగ్గర నిలబెట్టేవాళ్లు. పిడికిలి మీద ఎవరైనా గట్టిగా నొక్కితే చాలు, మాట దానంతటదే వచ్చేది. ముప్పై ఏళ్లు వచ్చినా, యాభై వచ్చినా గొంతు మాత్రం ఆరేళ్ల పిల్లదే. మొదటి రాయి అన్నాక, అంతకుముందు అనేలోపు సన్నగా ఒక కేక. ఆ కేక విని కొత్తవాళ్లు జడుసుకునేవాళ్లు. ఊరివాళ్లకు మాత్రం వేడుక. వీధి పిల్లలు సాక్షమ్మాట అని ఒక ఆట కూడా ఆడుకునేవాళ్లు. అందులో కేక ఎవరు బాగా పెడితే వాళ్లు గెలిచినట్టు.

ఎడమచేతి వేళ్లు ఆడవు కాబట్టి తాడు పేనడం ఆమెకు రాలేదు. చక్రం దగ్గర కూర్చోబెట్టారు. తాళ్ల పని చూసినవాళ్లకు తెలుస్తుంది. పేనేవాడు నడుముకు నార చుట్టుకుని, కొస చక్రం కొక్కేనికి తగిలించి, వేళ్ల సందుల్లోంచి నార వదులుతూ వెనక్కి నడుస్తాడు. వీధి ఆ చివరిదాకా వెళ్తాడు. చక్రం తిప్పేవాళ్లు ఉన్నచోటే ఉండాలి. నిదానిస్తే పురి వదులవుతుంది, తొందరపడితే నార తెగుతుంది. తండ్రి, అన్న, మొగుడు, చివరికి కొడుకు కూడా ఆమెకు ఎదురుగా నిలబడి మొహం చూపిస్తూనే దూరమైపోయేవాళ్లు. ముగ్గురు పోయారు. కొడుకు మిగిలాడు.

కొడుక్కి ఇద్దరు పిల్లలు. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చేతివేళ్లు ముల్లంగి దుంపల్లాంటివి. వాడు పేనిన తాడు మేకను కట్టినా ఆగదు. చిన్నది ఆరేళ్లది. ఊళ్లో అందరూ పిచ్చుక అంటారు, ఒక్కచోట నిలవదు కాబట్టి. దాని వేళ్లలో ఏముందో గానీ, ద్వారబంధానికి పీచు తగిలించుకుని ఏవో కూనిరాగాలు తీస్తూ వెనక్కి నడుస్తుంటే సన్నటి తాడు వెంట్రుకవాసి తేడా లేకుండా సాగేది. గోడ ఎక్కడుందో చూడకుండానే దానికి తెలుసు. దాని వేళ్లు చూస్తూ కూర్చుంటే సాక్షమ్మకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు. తనకు దేవుడు బాకీ పడ్డ వేళ్లు ఈ పిల్లకు ఇచ్చాడనుకునేది.

కొత్త దొర వచ్చి పాత దొరను సొంత కోటగుమ్మానికే వేలాడదీశాడు. ఆ తాడు సాక్షమ్మ చక్రం మీద పురి ఎక్కిందే. బావి కోసమని పట్టుకెళ్లారు. అప్పటి నుంచి వీధిలో నక్కలన్న మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లలు కూడా ఆట మానేశారు. తనను మరిచిపోయారని సాక్షమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మరవలేదు. కోతలు మొదలయ్యే ముందు కోట లేఖరి వచ్చాడు. సన్నటి మనిషి, శుభ్రమైన గోళ్లు, ఎప్పుడూ కారే ముక్కు. తాళ్లచుట్ట మీద కూర్చుని గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు.

"బాగున్నారా పెద్దమ్మా?"

"చక్రం తిరుగుతోంది బాబూ."

"ఆ నక్కల సంగతి ఒకసారి చెప్పండి, వింటాను."

సాక్షమ్మ పిడికిలి కొంగు కింద దాచుకుంది. "అవన్నీ ఎప్పుడో మరిచిపోయాను బాబూ."

"మరిచిపోవడానికా ముద్ర వేసింది?" అంటూ ఆయన ఆమె పిడికిలి ఒళ్లోకి తీసుకుని, చాలా మర్యాదగా, బొటనవేలితో నొక్కాడు. మాట వచ్చేసింది, కేకతో సహా. లేఖరి కళ్లు మూసుకుని, కూరలో ఉప్పు చూసేవాడిలా విన్నాడు.

"బాగుంది. చాలా బాగుంది. పాత దొర తాత గట్టివాడే. మనుషులు లేరని ఊరుకుంటే ఎవడూ నమ్మడు. నక్కల్ని పెట్టాడు చూశారా, అక్కడుంది కిటుకు. కళ్లకు కడతాయి. మాకూ అలాంటిదొకటి కావాలి."

సాక్షమ్మ చక్రం ఆపింది. "నన్ను చంపేస్తే పోలా?"

"అదీ అనుకున్నాం," అన్నాడాయన, ఏమీ దాచకుండా. "చస్తే పాత మాట మీదే చస్తారు మీరు. బతికుంటే మాట మార్చుకోగలరు. జనం కత్తికి లొంగుతారు పెద్దమ్మా, కాదనను. కానీ రేపు ఇంకో కత్తి వస్తే దానికీ లొంగుతారు. తాతకి లొంగినవాళ్లు అలా పోరు. అందుకని మా దొరకి తాత కావాలి."

చెప్పాల్సింది ఇదీ అని చెప్పాడు. కొండ మీద ఇల్లు కట్టింది కొత్త దొర తాత. పాత దొర తాత మనుషులు ఆయన్ను నిద్రలో చంపి కోట లాక్కున్నారు. పీక మీద కత్తి పెట్టి సాక్షమ్మ తండ్రిని నక్కల మాట చెప్పమన్నారు. ఆయన మాత్రం అసలు సంగతే కూతురి చెవిలో చెప్పాడు. ఇన్నేళ్లూ ఆమె భయంతో కడుపులో దాచుకుంది. కోతలయ్యాక రేవు దగ్గర సభ. అక్కడ బయటపెట్టాలి.

"మీరు చెప్పాక కొత్త సాక్షికి ముద్ర వేస్తాం. ఆరేడేళ్ల పిల్లల కోసం ఇంటింటికీ చూస్తున్నాం," అంటూ లేఖరి ద్వారబంధం వైపు చూశాడు. పిచ్చుక పీచు తగిలించుకుని వెనక్కి నడుస్తోంది. దాని వేళ్లను ఆయన మెచ్చుకోలుగానే చూశాడు.

సాక్షమ్మ లేచి నిలబడింది. "మా పిల్ల జోలికి రామని మాటివ్వండి. మీరేం చెప్పమంటే అది చెబుతాను. ఏడుస్తూ చెప్పమంటే ఏడుస్తూ చెబుతాను."

"ఒకే ఇంట్లో రెండు చేతులు ఎవరు కాలుస్తారు పెద్దమ్మా? మేమేమన్నా రాక్షసులమా?" అన్నాడు లేఖరి. నిజంగానే నొచ్చుకున్నట్టు కనబడ్డాడు.

మాటిచ్చినంత తేలిక కాదు మాట మార్చడం. రోజూ మధ్యాహ్నం లేఖరి వచ్చి కూర్చునేవాడు. సాక్షమ్మ చెప్పేది. ఈ కొండ మీద ఇల్లు కట్టింది అని మొదలుపెట్టి మధ్యలోకి వచ్చేసరికి నాలుక దాని దారి అది చూసుకుని నక్కల దగ్గర తేలేది. లేఖరి విసుక్కునేవాడు కాదు. ముక్కు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టమనేవాడు. ఒకరోజు వెళ్తూ, "ఇంకో వారం చూస్తాను. రాకపోతే మీవల్ల కాదని దొరకి చెప్పేస్తాను," అన్నాడు. వల్ల కాకపోతే ఏమవుతుందో ఆయనా చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

ఆ సాయంత్రం వంటింట్లోకి వెళ్లి కోడలి ముందు కుడిచెయ్యి చాపింది. మోచేతి లోపలి వైపు మెత్తగా ఉన్నచోటు చూపించింది.

"గరిటె కాడ కాల్చి ఇక్కడ పెట్టవే."

కోడలు తెల్లబోయింది. "నీకేమన్నా మతి పోయిందా అత్తా?"

"వాత లేకపోతే నాకు మాట నిలవదు. చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. పెట్టు. పిచ్చుక కోసమే."

కోడలు గరిటె పొయ్యిలో పెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే చెయ్యి వణుకుతుందని పళ్లు బిగపట్టింది. సాక్షమ్మ కొత్త మాట చెబుతుంటే కాడ పెట్టి తీసింది, మళ్లీ కాల్చింది, మళ్లీ పెట్టింది. వంటిల్లంతా కమురు వాసన. నిద్రలో చంపి అన్నచోట కేక పడింది. అలా వరసగా కొన్ని సాయంత్రాలు. వారం తిరిగేసరికి మోచెయ్యి బొబ్బలెక్కింది, మాట నిలబడింది.

లేఖరి సంబరపడిపోయాడు. "ఇంకొక్కటి తగ్గింది పెద్దమ్మా. పాతవాళ్లు నక్కల్ని పెట్టినట్టు మనకీ కళ్లకు కట్టేది ఏదైనా ఉండాలి. చిన్నప్పుడు కోటలో పాతకాలం నాటిది ఏదైనా చూశారా?"

సాక్షమ్మ ఆలోచించింది. ముద్ర వేయకముందు తండ్రితో బావితాడు ఇవ్వడానికి కోట లోపలికి వెళ్లింది. తండ్రి తాడు బిగిస్తుంటే ఆమె బావి గట్టు రాతి మీద ఆడుకుంది. ఆ రాతి అంచుకు తాళ్లు ఒరుసుకుని పడ్డ గాళ్లు ఉన్నాయి. వాటిలో వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. ఆ మాటే చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయింది.

తాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి ఆమె. నార తాడు రాతిని అంత లోతుగా కోయాలంటే ఎంత కాలం పడుతుందో తెలుసు. తాత, తండ్రి, కొడుకు, మనవడు వరసగా నీళ్లు తోడాలి. పాత దొర తాత కోటకు వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు.

లేఖరి నవ్వాడు. "మీ నక్కలు నీళ్లు తోడుకునేవా ఏంటి?"

"మరి ఆ తోడినవాళ్లెవరు బాబూ?"

"ఎవరో. మీలాంటివాళ్లే. వాళ్ల కోసం ఎవరి చెయ్యీ కాల్చలేదుగా, అందుకని లేరు," అంటూ ఆయన అప్పుడే కలం ముంచాడు. "దొరగారి తాత తవ్వించిన బావి. గట్టు మీద ఆయన నీళ్లు తోడగా పడ్డ గాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అద్భుతంగా ఉంది పెద్దమ్మా."

"ఒక్క తాత నాలుగు తరాల నీళ్లు తోడాడా?"

"జనం అంత దూరం ఆలోచించరు. వేలు పెట్టి చూసి నమ్మేస్తారు."

ఆయన వెళ్లాక సాక్షమ్మ చాలాసేపు చక్రం తిప్పలేదు. కళ్లు మూసుకుంటే నక్కలు కనబడటం మానేశాయి. బతుకంతా మోసుకుతిరిగిన కొండ అది. చెవి తెగిన నక్కతో సహా పోయింది. దాని కోసమే కదా చెయ్యి ఇచ్చింది. వాటి ఊళ నేనూ విన్నాను అన్న తండ్రి మీద ఒళ్లు మండిపోయింది. ఎముకలు కూడా మిగలని మనిషి మీద ఇప్పుడు కోపం ఎందుకంటే ఏం చెబుతాం. బతికున్నప్పుడు రావలసిన కోపం ఆలస్యంగా వచ్చింది. కన్నకూతురికి అబద్ధం చెప్పడానికి నోరెలా వచ్చిందో అనుకుంది.

సభ రోజు రేవు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. దొర పెద్ద కుర్చీలో కూర్చుని వేయించిన గింజలు నములుతున్నాడు. మీద కప్పుకున్నది పాత దొర శాలువా. పక్కన కమ్మరి నిప్పులు రాజేస్తున్నాడు. ముద్ర కోసం కుమ్మరి కొడుకుని తెచ్చి కూర్చోబెట్టారు. వాడు ఏమీ తెలియక ఇసుకలో బొమ్మలు గీస్తున్నాడు. వాడి తల్లి మాత్రం గుడ్డ నోట్లో కుక్కుకుని నిలబడింది. సాక్షమ్మ ఆవిడ వైపు చూడకుండా నడిచింది. తన ఇంటి పిల్ల కాదు కదా అనుకుంది. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది గానీ, ఆగలేదు.

లేఖరి ఆమె మోచేతి వాత మీద వేలు పెట్టి నొక్కాడు.

మాట వచ్చింది. అదే ఆరేళ్ల పిల్ల గొంతు. కొండ మీద ఇల్లు కట్టిన తాత, ఆయన తవ్వించిన బావి, గట్టు మీద గాళ్లు. నిద్రలో చంపి అన్నచోట కేక వచ్చింది. ఇన్నేళ్ల అనుభవం మరి, అంతటి కేక ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఏటి అవతల గట్టు మీద గొడ్లు బెదిరి పరిగెత్తాయి. ఆడవాళ్లు ఏడ్చారు. గుర్రాల బేరగాణ్ణి ఎరిగిన ముసలాళ్లు కూడా కళ్లు ఒత్తుకున్నారు. పిల్ల కోసం ఎంత బాగా చెప్పగలదో అంత బాగా చెప్పింది సాక్షమ్మ. ఆమె చేసిన తప్పల్లా అదే.

దొర నమలడం ఆపేశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉత్తుత్తి నీళ్లు కాదు. తన తాతను నిద్రలో ఎవరో పొడవడం ఆయన అప్పుడే కళ్లారా చూశాడు.

"మా తాత," అన్నాడు బొంగురుగా. తరవాత లేఖరి వైపు తిరిగాడు. "ఈ ముసలమ్మకి పిల్లలున్నారా?"

లేఖరి నీళ్లు నమిలాడు. "ఉన్నారు దొరా. కానీ కుమ్మరి పిల్లాణ్ణి తెచ్చాం..."

"మా తాత మాట పరాయి ఇంటికి పోతుందా? ఇంత గట్టి జ్ఞాపకం ఏ ఇంట్లో ఉంది? ఈ రక్తంలోనే ఉండాలి. వీళ్ల పిల్లని తీసుకురండి."

తాను గొప్ప గౌరవం చేస్తున్నానని ఆయన నమ్మకం. కుమ్మరి పెళ్లాం కొడుకును చంకలో వేసుకుని జనంలో పడి మాయమైపోయింది. ఆవిణ్ణి ఎవరూ తప్పు పట్టలేదు.

భటులు సాక్షమ్మ కొడుకును ముందుకు తెచ్చారు. ఒక చేతికి పెద్దాడు, ఇంకో చేతికి పిచ్చుక. ఏ పిల్లని ఇస్తావని అడిగితే కొడుకు పిచ్చుక చెయ్యి వదిలేశాడు.

"పిల్లాడు రేపు తాడు పేనాలి దొరా. ఆడపిల్లని తీసుకోండి," అన్నాడు.

ఆ మాట సాక్షమ్మ ఆరేళ్లప్పుడు విన్నదే. కొడుకు తాతను ఎరగడు. ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు. పెద్దాడి వేళ్లు తాడుకు పనికిరావని, పిచ్చుక వేళ్లకు సాటి వీధిలోనే లేవని వాడికి తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు.

సాక్షమ్మ లేఖరి కాళ్ల మీద పడింది. "మాటిచ్చారు బాబూ."

"మీ ఇల్లు తప్పించి అనే రాసుకున్నాను పెద్దమ్మా," అన్నాడాయన మెల్లగా, కాలు వెనక్కి తీసుకుంటూ. "దొరే అన్నాక నేనెంతటివాణ్ణి? ఎవరో ఒకరు గట్టిగా పట్టుకోవాలి. వదులుగా పడితే ముద్ర జారి చెయ్యంతా పోతుంది."

కోడలు ఉరికి వచ్చి పిచ్చుకను వాటేసుకుంది. ఆమె చేతుల్లోంచి విడిపించడానికి ఇద్దరు భటులు కావలసివచ్చారు. కోడలు అరవలేదు. అత్త వంక చూసింది.

"అంత బాగా ఎందుకు చెప్పావత్తా?" అంది.

పట్టుకోవలసింది కొడుకే. వాడి చేతులు జ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. కమ్మరి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు సాక్షమ్మ ముందుకు వచ్చి, నేను పట్టుకుంటానంది. ఆమె మనసులో ఒక ఉపాయం ఉంది. పిడికిలి మూయకుండా వేళ్లను వెనక్కి విరిచి పడితే అరచెయ్యి కాలినా వేళ్లు దక్కుతాయి. వేళ్లు దక్కితే తాడు దక్కుతుంది. పిచ్చుక మణికట్టును ముడుచుకున్న తన ఎడమచేతి కింద ఇరికించుకుని, కుడిచేత్తో చిట్టివేళ్లను వెనక్కి వంచి పట్టింది.

"నానమ్మా, నొప్పెడుతుందా?" అంది పిచ్చుక.

"కొంచెం," అంది సాక్షమ్మ.

కమ్మరి ముద్ర పెట్టాడు. సాక్షమ్మ వేళ్లు వంచి పట్టడం చూసి, "అట్లా కాదు, ముయ్యాలి," అని తన గట్టి చేత్తో పిల్ల వేళ్లనూ ఆమె వేళ్లనూ కలిపి మూసేశాడు. వేళ్లు ఒక్కొక్కటే మడతపడటం సాక్షమ్మ అరచేతికి తెలిసింది.

పిచ్చుక కేక మొదలైంది. ఇక చెవిలో చెప్పాలి. ఏదైనా వేరే మాట చెబితే అన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. ఆ బావిలో ఎవరో పేరు లేనివాళ్లు నీళ్లు తోడుకున్నారమ్మా అని చెబితే? రేపు ఇదే రేవులో పిల్ల నోట ఆ మాట వస్తే దాన్నీ ఆ కోటగుమ్మానికే వేలాడదీస్తారు. అందుకని ఒక్క అక్షరం తడబడకుండా, స్పష్టంగా, ముద్ర చల్లారేదాకా దొరగారి తాతను పిల్ల చెవిలో పోస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి, పిల్ల కేక పడాల్సిన చోటే పడుతోందని కూడా గమనించింది. అలా గమనించిన తన బుద్ధిని తానే అసహ్యించుకుంది.

పుండు మానడానికి చలికాలమంతా పట్టింది. మానాక చూస్తే మూడు వేళ్లు అరచేతికి అతుక్కున్నాయి. అవే మూడు. వీధిలో పిచ్చుక అన్న పేరు ఎవరి నోటా రావడం మానేసింది. అందరూ సాక్షి అనే పిలుస్తున్నారు. పిల్లలు ఆట మళ్లీ మొదలుపెట్టారు. కొత్త మాటతో, కొత్త కేకతో. ద్వారబంధానికి వేలాడుతున్న సగం పేనిన తాడును కోడలు తెంపి పొయ్యిలో పెట్టింది. అత్తకు గంజి పోస్తుంది గానీ, మొహం చూడదు.

ఒక పొద్దున పిల్లను చక్రం నేర్చుకోవడానికి నానమ్మ పక్కన కూర్చోబెట్టారు. కుడిచేత్తో పిడి పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పి ఆపింది.

"నానమ్మా, దొరగారి తాత మంచం మీద పడుకుంటే పొడిచారు కదా. ఆయన గడ్డం తెల్లగా ఉంది."

"గడ్డం సంగతి నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు. నాకు కనబడింది."

సాక్షమ్మ వీధి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొడుకు అవతల నార దులుపుకుంటున్నాడు. తన తండ్రి చేసిన పని తాను చేయకూడదని ఆమె బావి గాళ్ల సంగతి తెలిసిన రోజే ఒట్టు పెట్టుకుంది. వంగి పిల్ల చెవిలో అంది.

"అలాంటిదేం జరగలేదమ్మా. రేవులో చెప్పమన్నప్పుడు చెప్పు, ఇంట్లో మాత్రం నమ్మకు. ఆ తాతే లేడు. అంతా అబద్ధం."

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కాదు, అర్థం కాక. ముడుచుకుపోయిన ఎడమచెయ్యి పైకెత్తి చూపించింది.

"అబద్ధమైతే మరి నా చెయ్యెందుకు కాల్చారు?"

సాక్షమ్మ నోరు తెరిచింది. ఎన్నో సంగతులు ఉన్నాయి చెప్పడానికి. దొరలకు తాతలు ఎందుకు కావాలో, బావి గట్టు రాతి మీద ఏముందో, లేఖరి ఏమన్నాడో. ఒక్కటీ ఆ చేతికి సరిపోయేది కాదు. పిల్ల చెయ్యి ఎత్తి పట్టుకునే ఉంది, దించడం లేదు. తన తండ్రి నార వంక చూస్తూ ఎంతసేపు ఊరుకున్నాడో ఆమెకు గుర్తొచ్చింది. ఆయన మీద ఉన్న కోపం అంతా ఆ కాసేపట్లో పోయింది. పోకుండా ఉంటే బాగుండేది.

"నిజమేనమ్మా," అంది. "ఏదో వేళాకోళానికి అన్నాను. ఆయన కేక నేనూ విన్నాను."

పిల్ల చెయ్యి దించుకుని చక్రం పిడి పట్టుకుంది. కొడుకు నడుముకు నార చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించి, వాళ్లిద్దరి వైపే చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.